ఉతుకుడు గదిలో ఊరూ పేరూ లేని రాతలు

హమ్మర్‌విక్‌లో రైలు మూడు నిమిషాలు ఆగుతుంది. దిగేవాళ్ళు ఆ ఊళ్ళో పుట్టి గత్యంతరం లేక తిరిగొచ్చేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఎటైనా పోతే చాలనుకునేవాళ్ళు. స్వీడన్‌లో తక్కిన జనానికి ఆ ఊరి పేరు తెలిసిందంటే రైలు ఆలస్యమైనప్పుడు మైకులో విని తెలిసిందే. పాత ఇనుప కర్మాగారం ఉంది, నది ఉంది, కట్టినవాళ్ళే మళ్ళీ తలెత్తి చూడని నీళ్ళ ట్యాంకు ఉంది. మీ ఊరెలా ఉంటుందని అక్కడివాళ్ళని అడిగితే తప్పు చేసి దొరికినట్టు చూపు తిప్పుకుని, ఫరవాలేదు గానీ నువ్వు స్టాక్‌హోమ్ వెళ్ళాల్సింది అంటారు.

ఈ మధ్య మునిసిపాలిటీవాళ్ళు ఊరికొక నినాదం కావాలని కమిటీ వేశారు. పద్నాలుగు నెలలు కాఫీలు తాగి మొదట "హమ్మర్‌విక్: చాలా బాగుంటుంది" అనుకున్నారు. "చాలా" అంటే పక్క ఊరివాళ్ళ మనసు నొచ్చుకుంటుందేమోనని ఒకావిడ నసిగింది. ఆ ఒక్క మాట తీసెయ్యడానికి ఇంకో మూడు మీటింగులు పట్టాయి. ఆఖరికి "హమ్మర్‌విక్: బాగానే ఉంటుంది" అని తేల్చి స్టేషన్ ముందు బోర్డు పెట్టించారు. అక్షరాలు మరీ పెద్దవైతే గొప్పలు పోయినట్టుంటుందని చిన్నవి రాయించారు. కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వెళ్తే కనిపిస్తాయి.

అలాంటి ఊళ్ళో కమ్మరి వీధి తొమ్మిదో నంబరు భవనానికి ఇరవై రెండేళ్ళుగా అధ్యక్షురాలు మారిట హెద్లుండ్. ముప్ఫై ఆరు వాటాలు, వాటికొక సంఘం, ఏటా మే నెలలో ఒక సర్వసభ్య సమావేశం, నేలమాళిగలో ఒక ఉతుకుడు గది. స్కూలు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మారిటకి ఈ లోకంలో మిగిలిన గౌరవమంతా ఆ పదవే. సమావేశం రోజున బల్ల మీద కొట్టే చిన్న చెక్కసుత్తి ఆవిడ వంటగదిలో గరిటెల పక్కనే వేలాడుతూ ఉండేది. దానికి దుమ్ము పట్టడం ఎవరూ చూడలేదు.

ఉతుకుడు గదిలో మూడు మిషన్లు, ఒక డ్రయ్యరు, గోడకి ఒక చెక్కబోర్డు ఉన్నాయి. బోర్డు మీద ఎవరి తాళం ఏ గడిలో బిగిస్తే ఆ మూడు గంటలు వాళ్ళవి. అప్పుడు రాజుగారొచ్చినా బయట నిలబడాల్సిందే. బోర్డు చుట్టూ గోడ నిండా కాగితాలు. స్కేలు పెట్టి గీసినట్టున్న అచ్చక్షరాలు, నీలం సిరా, కింద సంతకం ఉండాల్సిన చోట ఒక నవ్వు మొహం బొమ్మ.

"డ్రయ్యరు జల్లెడలో దూది వదిలి వెళ్ళినవారికి: ఆ దూదితో ఒక పిల్లి తయారవుతుంది. దయచేసి మీ పిల్లిని మీరు తీసుకువెళ్ళండి."

"నేల తుడిచే కర్ర తలుపు వెనకే ఉంది. అది కరవదు."

"తొమ్మిది నుంచి పన్నెండు అంటే పన్నెండు. పన్నెండుంపావు మరొకరి జీవితం."

రాసింది మారిట. అధ్యక్షురాలు అన్నాక ఎవరి మీదా కోప్పడకూడదు, సౌమ్యంగా నవ్వాలి. నవ్వగా నవ్వగా లోపల మిగిలిపోయిన కోపం ఎక్కడో ఒకచోట పోవాలి కదా. పదవి వచ్చిన మరుసటేడే మొదటి కాగితం అతికించింది. స్కూల్లో కొత్త లామినేషన్ మిషన్ కొన్నప్పుడు పాతది ఇంటికి తెచ్చుకున్నాక కాగితాలకి ప్లాస్టిక్ తొడుగూ వచ్చింది, ఆవిరి తగిలినా అక్షరం చెదరదు. ఏటా సర్వసభ్య సమావేశంలో "ఉతుకుడు గదిలో మర్యాద" అనే అంశం కింద అదే మారిట లేచి, పేరు పెట్టే ధైర్యం లేకుండా గోడలకి విషం పూస్తున్న ఆ అజ్ఞాత వ్యక్తిని ఎంతో బాధతో ఖండించేది. ఖండిస్తూ గోడకి తన సంతకంతో ఒక నోటీసు కూడా పెట్టింది. అనుమానం రాకుండా మర్నాడే అజ్ఞాత వ్యక్తి చేత "అధ్యక్షురాలి నోటీసు వంకరగా ఉంది" అని రాయించింది. ఇంత తెలివి కర్మాగారంలో పెట్టి ఉంటే అది మూతపడేది కాదు.

నింద మాత్రం రెండో అంతస్తులో ఉండే హెల్గె మీద పడింది. కర్మాగారంలో క్రేను నడిపి రిటైరైన ఒంటరి మనిషి. పదకొండేళ్ళ కిందట ఊడి కిందపడ్డ కాగితాన్ని పాపం తీసి మళ్ళీ గోడకి అతికిస్తుంటే నాలుగో అంతస్తు గున్నెల్ చూసింది. సాయంత్రానికి భవనమంతా తెలిసింది, ఒక్క హెల్గెకి తప్ప. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టయింది. ఆయనింట్లో లామినేషన్ మిషన్ ఉందా అని ఎవరూ ఆలోచించలేదు. ఎవరూ ఆయన్ని అడగనూ లేదు, అడగడం ఆ ఊళ్ళో అమర్యాద. ఆయన లిఫ్టు ఎక్కితే మిగతావాళ్ళకి మెట్లెక్కడం ఒంటికి మంచిదని గుర్తొచ్చేది. సమావేశంలో ఆయనకి అటో కుర్చీ ఇటో కుర్చీ ఖాళీగా ఉండేవి. మారిటకి ఇదంతా కనిపిస్తూనే ఉండేది. నేనేమీ ఆయన పేరు చెప్పలేదే అని తనకి తాను సర్దిచెప్పుకునేది. అది నిజమే. ఆవిడ అబద్ధమాడలేదు. ఊరుకుంది, అంతే.

ఇలా అన్నీ సవ్యంగా జరిగిపోతుండగా ఏప్రిల్‌లో కేతెవాన్ దిగింది.

ఆవిడది జార్జియా దేశంలోని త్బిలిసి. నలభై ఏళ్ళుంటాయి, స్వీడిష్ వచ్చు, కేతో అని పిలవమంటుంది. ఎవరూ చూడని ఊళ్ళకి వెళ్ళి పత్రికలకి రాస్తుంది. హమ్మర్‌విక్ చూడ్డానికి వస్తానని ఆవిడ ఉత్తరం రాస్తే మునిసిపాలిటీలో పర్యాటకం చూసే యోవాకిమ్ అది ఎవరో ఆటపట్టించడానికి రాసిందనుకుని రెండు వారాలు జవాబివ్వలేదు. నిజమేనని తేలాక కంగారుపడి నాలుగు రోజుల కార్యక్రమం వేశాడు: ఇనుము మ్యూజియం, ఆటలు జరగని కాలంలో ఐసు మైదానం, నీళ్ళ ట్యాంకు, మళ్ళీ ఇనుము మ్యూజియం. ఊళ్ళో ఉన్న ఒక్క హోటలుకీ రంగులేస్తున్నారు కాబట్టి కమ్మరి వీధి సంఘంవారి అతిథి గదిలో దించాడు. గది తాళాలు ఇచ్చింది మారిటే.

కేతో మొదటిరోజు మ్యూజియంకి వెళ్ళి ఇనుము చూసింది. రెండోరోజు బస్సులో అన్ని జంట సీట్లలోనూ ఒక్కొక్కరే కూర్చుని మిగతావాళ్ళు నిలబడ్డం చూసి, ఒకాయన పక్కన కూర్చుని ఎందుకిలా అని అడిగిందట. ఆయన తర్వాతి స్టాపులో దిగిపోయాడు. ఆయన స్టాపు అది కాదు. మూడోరోజు నదిగట్టున కాలు జారి బురదలో పడి, ఆ బట్టలు ఉతుక్కోవడానికి నేలమాళిగకి వెళ్ళి, గంట తర్వాత కెమెరా పట్టుకుని మొహం వెలిగిపోతూ పైకొచ్చింది. మెట్ల దగ్గర పూలకుండీలకి నీళ్ళు పోస్తూ మారిట ఎదురైంది.

"కింద గోడ మీద అవన్నీ ఎవరు రాశారు?" అని అడిగింది కేతో.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మారిట ఉన్నపళంగా కుడిచెయ్యి జేబులో దాచుకుంది. ఎవరో తెలీదనీ, సంఘం తరఫున ఏటా ఖండిస్తున్నామనీ, పరాయి దేశంవాళ్ళ కంట పడినందుకు సిగ్గుగా ఉందనీ చెప్పింది.

"సిగ్గెందుకు? మా ఊళ్ళో పక్కింటావిడ మీద కోపమొస్తే కిటికీ తెరిచి అరుస్తాం. సాయంత్రం ఆవిడింట్లోనే తింటాం. ఆ అరిచింది ఎవరికీ గుర్తుండదు. ఇక్కడెవరో ఒక్కో తిట్టునీ ఇస్త్రీ చేసి గోడకి పెట్టారు. ఆ పన్నెండుంపావు కాగితం చదివి నేను కాసేపు స్టూలు మీద కూర్చుండిపోయాను. నాకా మనిషిని చూడాలి."

మారిట అప్పటికే తడిసిన కుండీలోనే మళ్ళీ నీళ్ళు పోసింది. ఇరవయ్యొక్కేళ్ళలో తన రాతని ఒకరు బాగుందనడం అదే మొదలు. ఒక్క క్షణం నేనే అనేసేదే. కానీ ఆ వెంటనే చెక్కసుత్తి గుర్తొచ్చింది. ఇరవయ్యొక్క ఖండనలు గుర్తొచ్చాయి. ఈ విషయం బయటపడితే పదవి పోవడమే కాదు, వాటా అమ్ముకుని పక్క ఊరికి పోవాలి.

"ఇక్కడ అలా అడగరు," అంది.

"ఎందుకు?"

"అడిగితే చెప్పాల్సొస్తుంది."

కేతోకి ఈ జవాబు కూడా నచ్చింది, పుస్తకంలో రాసుకుంది. తర్వాత ఆ భవనం కట్టిన అరవై ఏళ్ళలో ఎవరూ చెయ్యని పని చేసింది. కాగితాల ఫోటోలు పట్టుకుని పై అంతస్తు నుంచి ఒక్కో తలుపు తడుతూ వచ్చింది. ఒకరింట్లో రేడియో ఆగిపోయింది. ఒకరు తలుపు రంధ్రంలోంచి చూసి ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఇంకొకరు తలుపు తీసి, తాము ఇంట్లో లేమని చెప్పారు. నాలుగో అంతస్తులో గున్నెల్ మాత్రం తలుపు బార్లా తీసింది.

"నేనేమీ అనను. కానీ రెండో అంతస్తులో ఎడమవైపు ఒకాయనున్నాడు. ఆయనేనని నేననడం లేదు. పదకొండేళ్ళుగా అనడం లేదు."

కేతో కిందికి దిగుతుంటే మారిట నీళ్ళడబ్బా పట్టుకుని ఒక అరంతస్తు వెనక దిగింది. ఆ మెట్ల మీద పూలకుండీలు లేవు. ఉన్నట్టు వంగి నిలబడింది. హెల్గె తలుపు తడితే తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. ఆ తలుపుని ఆఖరిసారి తట్టినవాడు గది వెచ్చబరిచే రేడియేటరు మీటరు చూసుకోవడానికొచ్చిన మనిషి, అదీ చలికాలంలో.

కేతో ఫోటో చూపించి, ఇవి రాసింది నువ్వేనా అని సూటిగా అడిగేసింది. స్వీడన్‌లో రాజుగారిని తప్ప అందరినీ నువ్వనే అంటారు కాబట్టి అందులో తప్పేమీ లేదు. అడగడమే తప్పు.

హెల్గె ఫోటోని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. పైన మెట్ల మీద మారిట చెవులు రిక్కించింది. ఆయన కాదంటే ఈ పిచ్చిది మూడో అంతస్తుకి వస్తుంది. తన తలుపు తడుతుంది. తన కళ్ళలోకి చూసి అడుగుతుంది.

"నువ్వు కాఫీ తాగుతావా?" అన్నాడు హెల్గె.

"తాగుతాను."

"చాలాసేపు కూర్చుంటావా?"

"ఎంతసేపైనా."

"అయితే నేనే రాశాను. లోపలికి రా."

తలుపు మూసుకుంది. మారిట మెట్టు మీదే కూర్చుంది. గండం గడిచింది. దేవుడనేవాడు ఉన్నా లేకపోయినా థాంక్స్ అనుకుంది. కింద ఇంట్లోంచి మూడు గంటలసేపు మాటలు, మధ్యలో నవ్వులు వినబడ్డాయి. హెల్గె నవ్వు ఎలా ఉంటుందో ఆ భవనంలో ఎవరూ అంతవరకు వినలేదు. మారిట తన వంటగదిలో ఒక్కతే బంగాళాదుంపలు ఉడకబెట్టుకుంటూ ఆ నవ్వు విన్నది. ఎందుకో ఉప్పు రెండుసార్లు వేసింది.

కేతో వెళ్ళిపోయిన రెండు వారాలకి వ్యాసం వచ్చింది. మొదట ఇంగ్లీషులో, తర్వాత జర్మన్‌లో, తర్వాత మరో మూడు భాషల్లో. హమ్మర్‌విక్ మ్యూజియంలో ఇనుము చల్లగా ఉందనీ, కమ్మరి వీధి నేలమాళిగలో మాత్రం ఒక ముసలి క్రేను డ్రైవరు ఇరవయ్యేళ్ళుగా మాటల్ని కొలిమిలో కాలుస్తున్నాడనీ, అంత పదునైన వచనం తాను ఈమధ్య ఎక్కడా చదవలేదనీ రాసింది. యోవాకిమ్ అది అచ్చేయించి ఇంటింటికీ పంచాడు. స్థానిక పత్రిక డ్రయ్యరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ హెల్గె ఫోటో ఒక పేజీ నిండా వేసింది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. పరాయి దేశం నుంచి ఒకరొచ్చి ఆకు కోసి నమిలి బాగుందంటే మాత్రం అదే చెట్టుకి పందిరి వేస్తారు. నిన్నటిదాకా మెట్లెక్కినవాళ్ళంతా ఇప్పుడు హెల్గె కోసం లిఫ్టు ఆపి పట్టుకుంటున్నారు. ఆయనలో ఏదో ఉందని తాను మొదటినుంచీ అంటూనే ఉన్నానని గున్నెల్ అంది. కొందరైతే తమ మీద కూడా ఒక కాగితం పడితే బాగుండునని డ్రయ్యరు జల్లెడలో కావాలని దూది వదిలి వస్తున్నారు. శనివారాలు చూడ్డానికి జనం రావడం మొదలైంది. మొదట ఎనిమిది మంది, తర్వాత పందొమ్మిది మంది. హెల్గె కొత్త జాకెట్టు కొనుక్కున్నాడు.

మారిటకి మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం తిండి సయించలేదు. సొమ్మొకరిది సోకొకరిది అన్నట్టు, కూర్చుని అక్షరం అక్షరం గీసింది తను, చప్పట్లు ఆయనకి. అదైనా ఓర్చుకునేది. ఒకరోజు బుట్ట పట్టుకుని కిందికి వెళ్ళేసరికి హెల్గె జనానికి పన్నెండుంపావు కాగితం గురించి చెబుతున్నాడు. అది కాలం గురించట. మనిషికిచ్చిన గడువు గురించి, పోయినవాళ్ళ గురించి, ఖాళీ చేసి వెళ్ళాల్సిన గది గురించి రాసిందట. ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. మారిటకి ఒళ్ళు మండిపోయింది. అది గున్నెల్ తివాచీల గురించి. గున్నెల్ తివాచీలు రెండూ పన్నెండుంపావు దాకా మిషన్‌లో ఉండిపోతే రాసింది. కాలమూ లేదు, చావూ లేదు, తడి తివాచీలున్నాయి.

పోనీ వెళ్ళి ఆయన్ని నిలదీద్దామంటే ఏమని నిలదీస్తుంది? నలుగురిలో చెబుదామంటే ఏమని చెబుతుంది? కక్కలేక మింగలేక వారం తిరిగి, ఆఖరికి కష్టమొచ్చినప్పుడు తనకి తెలిసిన ఒక్క దారీ పట్టింది. గురువారం పొద్దున్నే వంటగది బల్ల దగ్గర కూర్చుని కాగితం తీసింది.

"ఈ గోడ మీది కాగితాలు హెల్గె రాసినవి కావు. ఆయన చెబుతున్నది వాటి అర్థమూ కాదు."

పేరు పెట్టలేదు. అలవాటు చొప్పున కింద నవ్వు మొహం బొమ్మ మాత్రం గీసింది. లామినేషన్ చేసి, బోర్డుకి సరిగ్గా మధ్యలో అతికించి వచ్చి, నిజం నిప్పులాంటిదని ధైర్యం చెప్పుకుంది.

మధ్యాహ్నానికి నేలమాళిగలోంచి నవ్వులు మూడో అంతస్తుకి వినబడ్డాయి. మారిట దిగి చూస్తే జనం గుంపుగా ఉన్నారు. గున్నెల్ పొట్ట పట్టుకుని గోడకి ఆనుకుంది. "ఇన్ని రాసినవాడు తను రాయలేదని కూడా తనే రాయడం, అబ్బ, హెల్గె తప్ప ఇంకెవరు రాయగలరు," అంటోంది. హెల్గె కళ్ళజోడు సర్దుకుని కాగితం రెండుసార్లు చదివాడు. బాగుంది అన్నాడు. మర్నాడు పత్రికలో ఆ కాగితం ఫోటో పడింది, రచయిత తనని తానే మించిపోయాడన్న శీర్షికతో. మారిట తేలు కుట్టిన దొంగలా పత్రిక మడిచి చెత్తబుట్టలో వేసింది. తర్వాత బయటికి తీసి, కాగితాల చెత్త వేరే కాబట్టి కాగితాల బుట్టలో వేసింది.

మే నెలాఖరున సర్వసభ్య సమావేశం జరిగింది. యుద్ధమొస్తే దాక్కోవడానికి కట్టిన గదిలో కుర్చీలు వేశారు, ఫ్లాస్కుల్లో కాఫీ, పైన ఆకుపచ్చ పూత పూసిన కేకు. "ఉతుకుడు గదిలో మర్యాద" అనే అంశం కొట్టేసి "ఉతుకుడు గది సాహిత్యం" అని పెట్టారు. ఆ మార్పు ప్రతిపాదించింది గున్నెల్. కాదన్నవాళ్ళు లేరు. సంఘం తరఫున హెల్గెకి పూలగుత్తి ఇవ్వాలన్నారు. ఇవ్వాల్సింది అధ్యక్షురాలు.

మారిట సుత్తితో బల్ల మీద ఒక్కటి కొట్టి లేచింది. చెప్పేద్దామనే వచ్చింది. ఇంట్లో అద్దం ముందు నాలుగుసార్లు చెప్పుకుని చూసుకుంది. పదవి పోతే పోనీ, రాత తనదని నలుగురికీ తెలిస్తే చాలనుకుంది.

"ఒక విషయం చెప్పాలి," అంది.

అందరూ కప్పులు దించి చూశారు. మారిట హెల్గె వైపు చూసింది. ఆయనకి అటు పక్క కుర్చీలో ఒకరు, ఇటు పక్క కుర్చీలో ఒకరు కూర్చుని ఉన్నారు. పదకొండేళ్ళుగా ఖాళీగా ఉన్న కుర్చీలవి. నేను రాశానంటే సరిపోదని ఆవిడకి అప్పుడు తట్టింది. మరి ఇన్నాళ్ళూ ఆయన్ని ఎందుకు అలా వదిలేశావని అడుగుతారు. ఎవరూ అడగరు, అడగడం అమర్యాద. కానీ అనుకుంటారు. సిగ్గు ముంచుకొచ్చింది, నిజమైన సిగ్గు, చెవుల దాకా.

"కాఫీ చల్లారిపోతోంది," అంది.

అందరూ తలూపి కప్పులందుకున్నారు. మారిట పూలగుత్తి తీసుకుని హెల్గె దగ్గరికి వెళ్ళింది. చప్పట్ల మధ్య ఆయన పూలందుకుంటూ, ఫోటో తీసేవాళ్ళకి నవ్వుతూ, ఆవిడకి మాత్రం వినబడేలా అన్నాడు:

"నీ లామినేషన్ మిషన్ మొన్నామధ్య గురువారం పొద్దున్న మోగింది."

మారిట పూలగుత్తి ఇంకా వదల్లేదు.

"మా వంటగది మీ వంటగది కిందే కదా. ఆ మిషన్ నువ్వు తెచ్చుకున్నప్పటి నుంచి వింటున్నా. అది మోగిన మర్నాడల్లా జనం నన్ను చూసి మెట్లెక్కేవాళ్ళు."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వొచ్చి చెబుతావనుకున్నాను."

చప్పట్లు ఇంకా మోగుతున్నాయి. మారిట నవ్వు మొహానికి అతుక్కుపోయి ఉంది. హెల్గె పూలు వాసన చూశాడు.

"తిట్లు నేను తిన్నన్నాళ్ళూ అవి నీ కాగితాలు కావు మారిటా. ఇప్పుడు కేకు తింటుంటే నీవెలా అవుతాయి?" అని, ఫోటోవాళ్ళ వైపు ఇంకోసారి నవ్వి, "వచ్చే శనివారం జర్మనీ నుంచి పద్నాలుగు మంది వస్తున్నారు. డ్రయ్యరు మీద కొత్తదేదైనా ఉంటే బాగుంటుంది," అన్నాడు.

ఆ సాయంత్రం మారిటని ఇంకో ఏడాదికి అధ్యక్షురాలిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. సుత్తి ఇంటికొచ్చి గరిటెల పక్కన వేలాడింది.

రాయకూడదనే రెండు రోజులు ఒట్టు పెట్టుకుంది. రాయకపోతే ఏమవుతుంది, ఆయన బండారమే బయటపడుతుంది. అలా అనుకుంటూనే మూడోరోజు వాక్యం వచ్చేసింది. వచ్చిన వాక్యాన్ని ఊరికే పోనివ్వడం ఆవిడ వల్ల కాలేదు. నాలుగు కాగితాలు పాడుచేసి ఐదోది నిలబెట్టింది. అంత బాగా ఆవిడ ఎన్నడూ రాయలేదు, ఆ సంగతి ఆవిడకే తెలుసు. మిషన్ ఆన్ చేశాక అది వేడెక్కేదాకా కింద అంతస్తు వైపు చెవి పెట్టి నిలబడింది. కింద కుర్చీ జరిపిన చప్పుడైంది.

శనివారం తొమ్మిది నుంచి పన్నెండు మారిట తాళం. దుప్పట్లు మిషన్‌లో వేసి వచ్చింది. పదకొండున్నరకి వాటి కోసం మళ్ళీ దిగేసరికి గది నిండా జర్మన్లు. తన వేళ తనదని బోర్డు చూపించి చెప్పొచ్చు. అధ్యక్షురాలు కాబట్టి చెప్పలేదు, సౌమ్యంగా నవ్వి బుట్ట పట్టుకుని డ్రయ్యరు పక్కన నిలబడింది. హెల్గె కొత్త జాకెట్టులో ముందుకొచ్చి, గొంతు సవరించుకుని కొత్త కాగితం చదివాడు.

"ఈ భవనంలో ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. అందుకే అంతా ఇంత శుభ్రంగా ఉంది."

యోవాకిమ్ దాన్ని జర్మన్‌లోకి మార్చి చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒకతను నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు, తర్వాత అందరూ కొట్టారు. హెల్గె తల కొద్దిగా వంచాడు. ఒకసారి మారిట వైపు చూశాడు, వెంటనే చూపు తిప్పుకున్నాడు. తనకి వచ్చేది గర్వమో ఏడుపో మారిట తేల్చుకునేలోపు ముందు వరసలో ఒక పెద్దావిడ ఫోన్ ఎత్తిపట్టి, ఎంతో మర్యాదగా ఆవిడతో అంది.

"కాస్త పక్కకి జరుగుతావా? నీ వెనక కాగితం కనబడ్డం లేదు."

మారిట బుట్ట ఎత్తుకుని పక్కకి జరిగింది. వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఫోటోలు తీసుకుంటూనే ఉన్నారు. దుప్పట్లు ఇంకా మిషన్‌లోనే ఉన్నాయి. తలుపు మీది గడియారంలో పన్నెండుంపావు అయింది.